బొబ్బట్ల వెనుక బలం

మెలకువగా ఉన్న పసిబిడ్డను రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టమంటోంది వైద్యశాస్త్రం. లాల పోసే అమ్మమ్మ కాళ్ల మీద ఆ పని ఏనాటి నుంచో జరుగుతోంది. అమ్మమ్మ లేని ఇంట్లో దాన్నెవరు చేయాలి?

ఖుర్సీపార్‌లోని తెలుగు ఇంట్లో చంటిబిడ్డకు లాల పోయడమంటే చిన్న తంతు కాదు. పొద్దెక్కి, నీళ్లు కాగాక పెద్దావిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, నేల మీద కాళ్లు బారజాపి కూర్చుంటుంది. బిడ్డను కాళ్ల మీద వెల్లకిలా వేసుకుని గుండెకూ పొట్టకూ తొడలకూ నూనె రాస్తుంది. ఆ తర్వాత ఒడుపుగా తిప్పి బోర్లా వేస్తుంది. వీపు మీద ఆమె అరచెయ్యి జారుతుంటే బిడ్డ మూలుగుతూ మెడ పైకెత్తాలని చూస్తుంది. రెండు క్షణాలు ఎత్తి వాల్చేస్తుంది. మళ్లీ ఎత్తుతుంది. నూనె, నలుగు, నీళ్లు అన్నీ అయ్యేసరికి కొన్ని నిమిషాలు అలా బోర్లానే గడిచిపోతాయి.

దీనికి పెద్దావిడ దగ్గర ప్రత్యేకమైన పేరేమీ లేదు. పిల్లల డాక్టర్లు మాత్రం ఇలా బోర్లా గడిపే సమయాన్ని 'టమ్మీ టైమ్' అంటున్నారు. ఇంకా పాకడం రాని పసిబిడ్డ మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట పాటు, విడతలు విడతలుగా, బోర్లా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఐదేళ్లలోపు పిల్లల ఆటపాటలు, కదలికలు, నిద్ర మీద ఆ సంస్థ తెచ్చిన మార్గదర్శకాల్లో ఇదొకటి. అమ్మమ్మ చేతి కింద గడిచే నిమిషాలు ఆ అరగంటలో కొంత భాగమే. అయినా తలచుకుని చేయాల్సిన అవసరం లేకుండా, ఏరోజుకారోజు ఖాయంగా దొరికే భాగం.

చిక్కల్లా ఇక్కడే ఉంది. లాల పోయడం స్నానంగా మారి, బాత్‌రూమ్‌లో ప్లాస్టిక్ టబ్బులో ఐదు నిమిషాల్లో ముగిసిపోతే, దానితో పాటే ఆ బోర్లా పడుకునే వేళ కూడా మాయమవుతుంది. అది పోయినట్టు కూడా ఎవరికీ తెలియదు.

భిలాయ్ తెలుగువారికి ఈ మాట మరింత దగ్గరగా వర్తిస్తుంది. సోవియట్ యూనియన్ సాయంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ కర్మాగారం కట్టే పనికీ, ఆ తర్వాత అందులో పనికీ వచ్చినవారిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చినవారు ఎందరో. భిలాయ్‌లో తెలుగు మాట ఎక్కువగా వినిపించే పేటల్లో ఖుర్సీపార్ ఒకటి. ఊరు వదిలి వచ్చినవాళ్లు దేవుళ్లను తెచ్చుకున్నారు, పండగలను తెచ్చుకున్నారు, పచ్చళ్లను తెచ్చుకున్నారు. పురిటి పద్ధతులను తెచ్చింది మాత్రం ఆడవాళ్లే. కాన్పుకు పుట్టింటికి వెళ్లడమో, పుట్టింటి నుంచి తల్లి రైలెక్కి రావడమో జరిగేది. బిడ్డ మెడ నిలిచేదాకా ఎవరో ఒక పెద్ద దిక్కు ఇంట్లో ఉండేది.

మూడో తరం వచ్చేసరికి లెక్క మారింది. అమ్మమ్మ ఊళ్లో ఉంటే మనవరాలు భిలాయ్‌లోనో రాయ్‌పూర్‌లోనో బెంగళూరులోనో ఉంటోంది. దుర్గ్ నుంచి విశాఖకు 2024లో వందే భారత్ రైలు కూడా మొదలైంది. ప్రయాణం తగ్గింది గానీ, నెలల తరబడి వచ్చి ఉండే తీరిక పెద్దవాళ్లకూ తగ్గింది. ఉద్యోగాలు, కీళ్లనొప్పులు, ఒంటిగది ఇళ్లు అన్నీ అడ్డే. ఫోన్‌లో మనవణ్ని చూడవచ్చు. ఫోన్‌లో కాళ్ల మీద వేసుకోలేరు.

పాశ్చాత్యుల పల్టీలు

పసిబిడ్డను ఎలా పడుకోబెట్టాలనే విషయంలో పాశ్చాత్య దేశాలు గత డెబ్బై ఏళ్లలో రెండుసార్లు పల్టీ కొట్టాయి. అమెరికాలో ఇంటింటా ఉండే పిల్లల పెంపకం పుస్తకం రాసిన డాక్టర్ బెంజమిన్ స్పాక్ 1950ల చివరికొచ్చేసరికి బిడ్డను బోర్లా నిద్రపుచ్చడమే మేలని చెప్పసాగారు. వెల్లకిలా పడుకున్న బిడ్డ కక్కుకుంటే ఊపిరాడదన్నది ఆనాటి భయం. ఆ సలహా దశాబ్దాల పాటు నడిచింది.

ఆ తర్వాత తేలిన నిజం తల్లిదండ్రులను హడలగొట్టింది. ఆరోగ్యంగా ఉన్న పసికందులు నిద్రలోనే ప్రాణం వదలడానికీ, బోర్లా నిద్రపోవడానికీ బలమైన సంబంధం ఉంది. మెత్తటి పరుపులో ముఖం కూరుకుపోతే వదిలిన గాలినే మళ్లీ పీల్చుకోవాల్సి వస్తుంది, ఒళ్లు వేడెక్కుతుంది, తల తిప్పుకునే శక్తి పసిబిడ్డకు ఉండదు. బ్రిటన్ 1991లో ప్రచారం మొదలుపెట్టింది. బోర్లా నిద్రపుచ్చవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 1992లో సూచించింది, 1994లో 'బ్యాక్ టు స్లీప్' ఉద్యమం మొదలైంది. ఆ తర్వాతి కొన్నేళ్లలోనే అమెరికాలో అలాంటి మరణాల రేటు సగానికి పైగా పడిపోయింది. ప్రజారోగ్య చరిత్రలో ఇంత తక్కువ ఖర్చుతో ఇన్ని ప్రాణాలు కాపాడిన సలహాలు అరుదు.

అయితే తల్లిదండ్రులు ఆ సలహాను అవసరానికి మించి పాటించారు. నిద్రలోనే కాదు, మెలకువలోనూ బిడ్డను వెల్లకిలానే ఉంచారు. మంచం, కారు సీటు, ఊగే కుర్చీ... రోజంతా తల వెనక భాగమే దేనికో ఒకదానికి ఆని ఉండేది. 1990ల మధ్యకల్లా తల వెనక చదునుగా మారిన పిల్లలు క్లినిక్‌లకు ఎక్కువగా వస్తున్నారని డాక్టర్లు గమనించారు. అప్పుడు సలహాకు రెండో సగం జోడించారు: నిద్ర వెల్లకిలా, ఆట బోర్లా. టమ్మీ టైమ్ అనే మాట ఊపందుకున్నది అలా.

తెలుగు ఇళ్లకు ఈ గందరగోళం పట్టలేదు. మన పిల్లలు మొదటి నుంచీ చీర ఉయ్యాలలోనో, తల్లి పక్కలోనో వెల్లకిలానే నిద్రపోయారు. పగటిపూట లాలలో బోర్లా పడ్డారు. నిద్రకొకటి, మెలకువకొకటి అనే విభజన శాస్త్రం చెప్పకముందే అలవాటుగా ఉంది. ఇందులో గర్వపడాల్సింది కొంతే. ఎందుకు చేస్తున్నామో తెలియని అలవాటు ఎంత మంచిదైనా సరే, చేసే మనిషి లేకపోతే నిలవదు. పడమటి దేశాలు చదువుకుని తిరిగి నేర్చుకుంటున్న దాన్ని మనం తెలియకుండానే వదిలేస్తున్నాం.

మెడ నుంచి మడమ దాకా

పుట్టిన బిడ్డ శరీరం పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. వెల్లకిలా ఉన్నప్పుడు ఆ బరువంతా పరుపు మోస్తుంది. బోర్లా వేసినప్పుడే ఆ బరువు మెడ మీద పడుతుంది. అందుకే మొదట్లో బిడ్డ చిరాకు పడుతుంది, ఏడుస్తుంది. పెద్దవాళ్లు తలకు మించిన మూట ఎత్తడానికి తంటాలు పడటం లాంటిదే అది. కానీ ఆ తంటాలే కసరత్తు.

ఈ కసరత్తు మెడతో మొదలై కిందికి దిగుతుంది. రెండు నెలలకల్లా బోర్లా ఉన్న బిడ్డ తల పైకెత్తగలుగుతుంది. నాలుగు నెలలకు మోచేతుల మీద ఆని ఛాతీ లేపుతుంది. ఆరు నెలలకు చేతులు చాపి, అరచేతులు నేలకు ఆనించి, పాములా పడగెత్తి చుట్టూ చూస్తుంది. అమెరికా వ్యాధుల నియంత్రణ కేంద్రం 2022లో సవరించిన పట్టికలో ఈ మూడు మెట్లూ ఉన్నాయి. మూడూ బోర్లా వేస్తేనే కనిపించేవి.

ఒక్కో మెట్టులో ఒక్కో భాగం బలపడుతుంది. మెడ నిలిస్తేనే బిడ్డ చూపు కుదురుగా నిలుస్తుంది. భుజాలు గట్టిపడితేనే చేత్తో వస్తువు అందుకోగలుగుతుంది. అరచేతి మీద బరువు మోపినప్పుడు గుప్పిట విచ్చుకుంటుంది. రేపు గిన్నె పట్టుకోవడానికీ, ఎల్లుండి పలక మీద బలపం పట్టుకోవడానికీ చెయ్యి ఇక్కడే తయారవుతుంది. వెన్ను, నడుము గట్టిపడితే కూర్చోవడం వస్తుంది. బొమ్మ కోసం పొట్ట మీద గుండ్రంగా తిరిగి, తర్వాత ముందుకు జరిగి, చివరికి పొట్ట లేపి పాకుతుంది.

రుజువులు ఎంతవరకు ఉన్నాయి? ఎనిమిది దేశాల్లో 4,237 మంది పిల్లల మీద జరిగిన 16 అధ్యయనాలను కలిపి పరిశీలించిన సమీక్ష 2020లో 'పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. మెలకువలో బోర్లా గడిపిన సమయానికీ, శరీర కదలికల అభివృద్ధికీ, బోర్లా పడటానికీ, పాకడానికీ మంచి సంబంధమే కనిపించింది. తల వెనక భాగం చదునుగా మారకుండా ఉండటానికీ అది తోడ్పడుతున్నట్టు తేలింది. అయితే తెలివితేటలు పెరుగుతాయా, నడక త్వరగా వస్తుందా అంటే ఆ సమీక్ష తేల్చి చెప్పలేదు. 'బోర్లా వేస్తే మీ బిడ్డ మేధావి అవుతుంది' అని చాప అమ్మే ప్రకటన ఏదైనా కనిపిస్తే నమ్మనక్కర్లేదు.

అలవాటు ఎంత పని చేస్తుందో చెప్పడానికి కెన్యాలోని కిప్సిగిస్ తెగ మంచి ఉదాహరణ. చార్లెస్ సూపర్ అనే పరిశోధకుడు 1976లో ప్రచురించిన అధ్యయనంలో అక్కడి పిల్లలు అమెరికా పిల్లల కంటే ముందే కూర్చుంటున్నారని, నడుస్తున్నారని గమనించారు. కారణం రక్తంలో లేదు. తల్లులు పనిగట్టుకుని కూర్చోవడం, నడవడం నేర్పుతున్నారు. వాళ్లు నేర్పని పాకడంలో మాత్రం ఆ పిల్లలకు అలాంటి ఆధిక్యం లేదు. దేనికి అవకాశమిస్తే శరీరం దాన్నే ముందు నేర్చుకుంటుందన్నమాట.

అవకాశం ఎక్కడ పోతోంది?

ఖుర్సీపార్ లాంటి పేటలో పసిబిడ్డ రోజు ఎలా గడుస్తుందో చూస్తే జవాబు తెలుస్తుంది. తల్లి ఇంట్లో ఉంటే వంట, నీళ్లు, పెద్దపిల్లల బడి. బిడ్డ చీర ఉయ్యాలలో ఉంటేనే ఆమెకు చేతులు ఖాళీ. ఉయ్యాల మంచిదే, నిద్ర పట్టిస్తుంది. కానీ గుడ్డ చుట్టూ ముడుచుకుపోయి, వీపు వంగి ఉండే ఆ తొట్టిలో బిడ్డకు తోసుకోవడానికి గట్టి నేల దొరకదు. మెలకువలో కూడా అందులోనే ఉంటే కండరాలకు పని లేదు. ఏడుపు ఆపడానికి పైన ఫోన్ వేలాడితే కళ్లకు కూడా కదిలే పని లేదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని, ఒకేచోట కట్టేసినట్టు గంటకు మించి ఉంచవద్దని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే పత్రంలో చెప్పింది.

తల్లి పనికి వెళ్తే కథ ఇంకోలా ఉంటుంది. 2017 సవరణతో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. అది చట్టం పరిధిలోకి వచ్చే సంస్థల ఉద్యోగినులకు. నాలుగిళ్లలో పాచిపని చేసే తల్లికీ, రోజుకూలికి వెళ్లే తల్లికీ అలాంటి సెలవు లేదు. బిడ్డ పెద్దక్క చంకలోనో, పొరుగింటి ఉయ్యాలలోనో పెరుగుతుంది. పదేళ్ల అక్కను 'కాసేపు బోర్లా వేసి పక్కనే కూర్చో' అని అడగలేం, అడగకూడదు కూడా.

కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో అడ్డంకి ఇంకొకటి. చక్రాల వాకర్. బిడ్డ అందులో నిలబడి గది చుట్టూ తిరుగుతుంటే త్వరగా నడుస్తుందని మురిసిపోతారు. నిజానికి వాకర్ నడక నేర్పదు. మెట్ల మీద నుంచి పడిపోవడం, పొయ్యి దగ్గరకు వెళ్లిపోవడం లాంటి ప్రమాదాలే ఎక్కువ. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాతకాలపు మూడు చక్రాల చెక్కబండికీ దీనికీ పోలిక లేదు. దాన్ని బిడ్డ తన కాళ్ల మీద తాను నిలబడి తోస్తుంది.

వీటన్నిటికంటే బలమైన అడ్డంకి భయం. పొట్ట నొక్కుకుపోతుందేమో, బొడ్డు నొప్పి పుడుతుందేమో, ఊపిరాడదేమో అని మొదటి కాన్పు తల్లికి అనుమానం. పెద్ద దిక్కు పక్కనుంటే ఒక్క మాటతో తీరే అనుమానమిది. ఎవరూ లేకపోతే అదే నెలల తరబడి బిడ్డను వెల్లకిలా ఉంచుతుంది.

ఉంచుకోవలసినవి, వదులుకోవలసినవి

అమ్మమ్మ పద్ధతిలో అన్నీ మంచివని అనుకోవడమూ పొరపాటే. లాల పోసేటప్పుడు ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం కొన్ని ఇళ్లలో ఉంది. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, గాల్లోకి ఎగరేయడం ప్రమాదం. గుండ్రటి తల కోసం ఆవాల దిండు వాడతారు. తల చదును కాకూడదన్న ఆ ఆలోచన సరైనదే, మార్గం కాదు. నిద్రలో పసిబిడ్డ తల కింద ఏ దిండూ వద్దన్నదే డాక్టర్ల మాట. దిండు చేస్తుందనుకున్న పని మెలకువలో బోర్లా వేస్తే జరుగుతుంది. సాంబ్రాణి పొగ కూడా పసి ఊపిరితిత్తులకు పొగే.

ఇక ఉంచుకోవలసింది: కాళ్ల మీద బోర్లా వేయడం, వీపు నిమరడం, ఆ సేపంతా బిడ్డతో మాట్లాడటం. దీనికి నూనె తప్పనిసరి కాదు, స్నానమూ తప్పనిసరి కాదు. నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజుల్లోనే మొదలుపెట్టవచ్చని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. మొదట రోజుకు రెండు మూడుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. ఏడు వారాలకల్లా రోజు మొత్తం మీద 15 నుంచి 30 నిమిషాలకు చేరాలన్నది ఆ సంస్థ 2022లో పెట్టిన లెక్క.

మొదటి వారాల్లో నేలకంటే తల్లిదండ్రుల ఛాతీయే మేలు. తల్లో తండ్రో వెనక్కి ఒరిగి కూర్చుని బిడ్డను గుండె మీద బోర్లా వేసుకుంటే, ముఖం చూడటానికి బిడ్డ తల ఎత్తుతుంది. నెల తక్కువ పిల్లల కోసం 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలైన కంగారూ పద్ధతిలో కూడా బిడ్డ ఉండేది తల్లి గుండెకు పొట్ట ఆనించే. ఆ తర్వాత ఒడిలో అడ్డంగా, ఆపై నేల మీద. చాప పరిచి, దాని మీద ఒక దుప్పటి మడిచి వేస్తే సరిపోతుంది. మెత్తటి పరుపు పనికిరాదు, అందులో చేతులు కూరుకుపోతాయి. భిలాయ్ ఎండల్లో మే నెల మధ్యాహ్నం వద్దు, పొద్దునో సాయంత్రమో చల్లబడ్డాక మంచిది.

పాలు తాగిన వెంటనే వేస్తే కక్కుతారు. డైపర్ లేదా గుడ్డ మార్చాక, నిద్ర లేచాక అయితే హుషారుగా ఉంటారు. ఎదురుగా ఒక స్టీలు గ్లాసు పెడితే చాలు, అందులో తన ముఖం తళుక్కుమంటే బిడ్డ తల దించదు. ఏడిస్తే ఆపేసి మళ్లీ కాసేపటికి వేయాలి. బలవంతంగా పది నిమిషాలు ఏడిపించడం కంటే ఐదుసార్లు రెండేసి నిమిషాలు మేలు. తల్లి చేతికి పని ఉంటే తండ్రి చేయవచ్చు. డ్యూటీ దిగి వచ్చాక నేల మీద బిడ్డకు ఎదురుగా తానూ బోర్లా పడుకోవడానికి ఏ శిక్షణా అక్కర్లేదు.

తప్పనిసరి నియమం ఒక్కటే. బోర్లా ఉన్న బిడ్డ పక్కన మెలకువగా ఒక పెద్ద మనిషి ఉండాలి. బిడ్డకు కునుకు పడితే వెంటనే వెల్లకిలా తిప్పాలి. ఇందులో మినహాయింపు లేదు. నెల తక్కువగా పుట్టిన పిల్లలు, శ్వాస సమస్యలు ఉన్న పిల్లల విషయంలో ముందుగా డాక్టర్‌ను అడగాలి.

చూసే కళ్లు

లాల పోసే మనిషి ఇంకో పని కూడా చేస్తుంది. బిడ్డను రోజూ తడిమి చూస్తుంది. 'ఈ కాలు బిర్రుగా ఉంది', 'మెడ ఇంకా నిలవలేదేంటి', 'ఎడమ గుప్పిట విప్పడం లేదు' అని మొదట అనేది ఆమే. వారానికోసారి ఎవరో వచ్చి చూస్తే దొరకని తేడా రోజూ పట్టుకునే చేతికి దొరుకుతుంది. బోర్లా పడుకోబెట్టే అలవాటు పోతే కసరత్తుతో పాటు ఈ రోజువారీ పరీక్ష కూడా పోతుంది. అసలు నష్టం ఇది.

ఎందుకంటే కొన్ని విషయాల్లో ఆలస్యానికి మూల్యం చాలా ఎక్కువ. సెరిబ్రల్ పాల్సీ బోర్లా వేయకపోవడం వల్ల రాదు, వేసినంత మాత్రాన పోదు. కానీ అది ముందుగా బయటపడే చోట్లలో ఇదొకటి. ఒకప్పుడు ఏడాది నుంచి రెండేళ్ల మధ్య గానీ తేల్చని ఈ సమస్యను ఆరు నెలలలోపే గుర్తించడం సాధ్యమని 2017లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఒక సమీక్షలో చెప్పింది. మెదడు వేగంగా ఎదిగే ఆ నెలల్లో ఫిజియోథెరపీ మొదలైతే ఫలితం వేరు. దేశంలో ఐదు చోట్ల చేసి 2018లో ప్రచురించిన సర్వేలో రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో దాదాపు ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి నాడీవ్యవస్థ ఎదుగుదలకు సంబంధించిన ఏదో ఒక సమస్య కనిపించింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి.

అలాగని పక్కింటి పిల్ల మూడో నెలలో బోర్లా పడిందని కంగారు పడనక్కర్లేదు. ఆరోగ్యవంతులైన పిల్లల మీద ఢిల్లీ సహా ఐదు దేశాల్లో జరిపిన పరిశీలన ఆధారంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్కల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, ఒంటరిగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు మోకాళ్ల మీద పాకకుండానే నడిచేశారు కూడా. తేడాలు సహజం.

సహజం కానివి వేరే ఉన్నాయి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, ఒళ్లు కర్రలా బిగుసుకుపోవడం లేదా గుడ్డపేలికలా వేలాడటం, మూడు నెలలు దాటినా ఎప్పుడూ గుప్పిట బిగించే ఉండటం, ఏడాదిలోపే ఒక చేతినే వాడటం, తల ఎప్పుడూ ఒకే వైపు తిప్పడం, తొమ్మిది నెలలకు ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం. వీటిలో ఏది కనిపించినా 'వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు' అనే ఓదార్పు సరిపోదు. డాక్టర్‌కు చూపించాలి. నెల తక్కువగా పుట్టిన బిడ్డకు మాత్రం ఎన్ని వారాలు ముందు పుట్టిందో అన్ని వారాలు తగ్గించి లెక్క వేయాలి.

తూకం ఉంది, చూపు కావాలి

ప్రభుత్వం వైపు నుంచి ఏర్పాట్లు లేవనలేం. చంటిపిల్లల్లో లోపాలు, ఎదుగుదలలో జాప్యం కనిపెట్టడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. గుర్తించిన పిల్లలకు తోడ్పడటానికి జిల్లా స్థాయిలో ప్రత్యేక కేంద్రాలు ఉండాలన్నది అందులో భాగం. 2018 నుంచి ఆశా కార్యకర్త బిడ్డకు మూడు, ఆరు, తొమ్మిది, 12, 15 నెలలు వచ్చినప్పుడు ఇంటికొచ్చి చూడాలన్న పథకం ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో ఈ పని చేసేది మితానిన్. దేశంలో ఆశాలు రాకముందే, 2002లోనే ఆ రాష్ట్రం మితానిన్‌లను తయారుచేసుకుంది. మితానిన్ అంటే అక్కడి భాషలో నేస్తం కట్టిన స్నేహితురాలు.

అయినా పసిబిడ్డ అంటే బరువు తూచడం, టీకా వేయడం అన్న ఆలోచనే చాలాకాలం నడిచింది. అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి. వాటిలో ఆటపాటల చదువు మూడేళ్లు దాటినవారికే. పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా బిడ్డను ఎలా ఆడించాలి, ఎలా మాట్లాడించాలి అని చెప్పే 'నవచేతన' అనే జాతీయ ప్రణాళిక 2024లో గానీ రాలేదు. మధ్యలో 49 ఏళ్లు గడిచాయి. ఆ లోటును ఇంతకాలం పూడ్చింది ఇళ్లలోని పెద్దావిడలే, జీతం లేకుండా, లెక్కల్లోకి ఎక్కకుండా.

ఖుర్సీపార్‌లో దీనికి భాష చిక్కు కూడా తోడవుతుంది. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో ఆ కార్డు హిందీలో ఉంటుంది. అక్కడే పుట్టి హిందీలో చదువుకున్న తల్లి దాన్ని చదవగలదు. ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ చదవలేదు. చదవగలిగిన మనిషికి బిడ్డను కాళ్ల మీద తిప్పే ఒడుపు తెలియదు, ఒడుపు తెలిసిన మనిషికి కార్డు తెలియదు. ఇద్దరినీ ఒక చాప మీద కూర్చోబెట్టి ఆ పేజీ తెరవడం మితానిన్‌కు పెద్ద పనేమీ కాదు. కూతురు చదివి తెలుగులో చెబితే, తల్లి చేసి చూపిస్తుంది. ముక్కులో నూనె ఎందుకు వద్దో కూడా ఆ పూటే తేలిపోతుంది.

తెలుగు ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు. కూర్చుంటే కుడుములు, గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు. పసిబిడ్డ కండ బలపడే ప్రతి మెట్టుకూ ఒక పిండివంట పెట్టుకున్న జాతి మనది. ఆ బొబ్బట్లు ఇంటింటికీ పంచడంలో బిడ్డ ఎదుగుదల సక్రమంగా ఉందని నలుగురికీ తెలియజేయడం కూడా ఉంది. బొబ్బట్లు ఇంకా రాని ఇంటి గురించి వాడకట్టు ఆడవాళ్లు ఆరా తీసేవారు. ఇప్పుడు బొబ్బట్లు మిఠాయి దుకాణంలో దొరుకుతున్నాయి. బిడ్డ బోర్లా పడటానికి కావలసిన చాపెడు నేలా, పక్కన కూర్చునే మనిషీ, పూటకో పది నిమిషాలూ మాత్రం ఏ దుకాణంలోనూ దొరకవు. వాటిని ఇంట్లోనే చూసుకోవాలి.